పాత పోగుకు కొత్త మాట

వనపర్తిలో పరీక్ష రాస్తున్నాను. కంప్యూటరు తెర మీద ఇంగ్లిష్ విభాగం నడుస్తోంది. 'పర్ఫంక్టరీ' అనే మాటకు దగ్గరి అర్థం ఏదని ప్రశ్న, కింద నాలుగు జవాబులు. నా కళ్ల ముందుకు మాత్రం గద్వాలలోని మా వీధి లైన్‌మన్ వచ్చి నిలబడ్డాడు. చెవిలో బీడీ, చేతిలో కట్టె. స్తంభం మీది ఫ్యూజును కట్టెతో ఒక్కటి కొట్టి, ఇళ్లలో దీపాలు వెలిగాయో లేదో తలెత్తి చూడకుండానే "అయిపాయె" అని బండెక్కి పోతున్నాడు. మొక్కుబడిగా చేసే పని అని అర్థమిచ్చే జవాబు మీద నొక్కాను. నొక్కి నవ్వాను.

పరీక్ష హాల్లో ఏడిస్తే ఎవరూ పట్టించుకోరు. నవ్వితే అనుమానిస్తారు. పర్యవేక్షకుడు వచ్చి నా తెరా, నా చేతులూ, కుర్చీ కిందా చూశాడు.

"ఏంది, నవ్వుతున్నవ్?"

"లైన్‌మన్ యాదికొచ్చిండు సార్."

ఆయన నా వైపు జాలిగా చూసి వెళ్లిపోయాడు.

ఆ లైన్‌మన్‌ను ఆ మాటకు అతికించింది మా పెద్దనాయన. ఆయన పోయి అప్పటికి నాలుగు నెలలు. ఉన్నన్నాళ్లూ నన్ను కుళ్లుతో ఉడికించిన మనిషి, పోయాక పక్కన కూర్చుని జవాబులు అందిస్తున్నాడు. ఇది కాపీ కిందికి వస్తుందా అని కాసేపు ఆలోచించాను. టైము తక్కువగా ఉండడంతో రాదని తీర్పు చెప్పుకున్నాను.

మా పెద్దనాయన పొడుగెంతో మా వీధిలో సగం మందికి తెలియదు. ఎప్పుడు చూసినా నడుము దాకా మగ్గం గుంతలోనే ఉండేవాడు. పైకి కనిపించే సగంలో ఒక బనియను, ఒక కళ్లద్దాల జత ఉండేవి. అద్దాలకు ఒకవైపు పుల్ల విరిగిపోతే దాని బదులు జరీ పోగులు పేని చెవికి చుట్టుకునేవాడు. గద్వాల చీర అంచుకు వెళ్లాల్సిన జరీ ఆయన చెవి మీద మెరుస్తుండేది. నాలుగో తరగతి దాకా చదివాడు, అదీ తెలుగులో. ఇంగ్లిష్ అక్షరాల్లో ఆయనకు ఒక్కటీ రాదు. ఆ ఒక్క ధైర్యంతోనే నేను ఆయన పక్కన కూర్చుని చదువు మొదలుపెట్టాను.

మాకూ వాళ్లకూ గోడ ఒక్కటే. మా నాయన మగ్గం వదిలేసి జిన్నింగు మిల్లులో పనికి పోయాడు. మా ఇంట్లో టీవీ ఉంటుంది, దాని ముందు చెల్లెళ్లు ఉంటారు. అందుకే పొద్దున పది గంటలకు నా పుస్తకం పట్టుకుని పెద్దనాయన మగ్గం గదిలోకి వెళ్లేవాణ్ని. ఉద్యోగాల పరీక్షలకు పనికొచ్చే కఠినమైన ఇంగ్లిష్ మాటల పుస్తకం అది. రోజుకు పది మాటలు, వంద రోజులు. నాకు గట్టిగా చదివితేనే ఎక్కుతుంది. ఎక్కుతుందని అప్పట్లో అనుకునేవాణ్ని.

మొదటి రోజే అనర్థం జరిగింది. 'గారులస్' అని పదిసార్లు బట్టీ పట్టాను. మగ్గం చప్పుడు ఆగింది.

"గది ఎవరు రా?" అన్నాడు పెద్దనాయన.

"ఎవరు కాదు పెద్దనాయినా, మాట. ఊకె మాట్లాడేటోడు అని."

"గదే, ఎవరు?"

నేను పుస్తకం చూశాను. పుస్తకంలో ఎవరి పేరూ లేదు. ఆయనే అన్నాడు. "మా బామ్మర్ది."

కోడేరు నుంచి వచ్చే పెద్దమ్మ తమ్ముడు. బస్సు దిగిన దగ్గర్నుంచి మళ్లీ బస్సెక్కేదాకా నోరు మూయడు. బస్సులో మూస్తాడన్న గ్యారంటీ కూడా లేదు. లోపల చరఖా మీద కండెలకు నూలు చుడుతున్న పెద్దమ్మ "ఏంది, మా తమ్మునిమీద పడిన్రు?" అంది. మగ్గం మళ్లీ మొదలైంది. మరుసటి రోజు నేను 'గారులస్' మరిచిపోయాను. పెద్దనాయన మరిచిపోలేదు.

ఆయన పద్ధతి ఆయన పనిలోంచే వచ్చింది. పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోయినప్పుడు నేతగాడు మగ్గం మీది పోగులన్నీ తీసిపారెయ్యడు. జానెడు పొడుగు మిగులుస్తాడు. వేళ్లకు బూడిద రాసుకుని, కొత్త పడుగులోని ఒక్కో పోగును ఆ పాత పోగుకు మెలిపెట్టి అతుకుతాడు. వేల పోగులు, ఒక్కొక్కటిగా. ఆ తర్వాత పాతదాన్ని లాగితే కొత్తది దానంతటదే వెంట వస్తుంది.

"నువ్వు కొత్త పోగును తెచ్చి గాలిల వేలాడదీస్తున్నవ్," అన్నాడు ఒకరోజు నాతో. "అది నిలుస్తదా? ఏదన్న పాతదానికి అతుకాలె గద రా. మనకు పాతయి ఏమున్నయ్? మనుషులే ఉన్నరు."

నాకు ఇది నచ్చలేదు. నేను వనపర్తిలో నాలుగు నెలలు కోచింగు తీసుకున్నవాణ్ని. మా సారు ఈ ముక్క చెప్పలేదు. చెప్పనిది తప్పయి ఉండాలి.

అట్టలు అలా మొదలయ్యాయి. మగ్గం పైన డిజైను దించే జకార్డు యంత్రానికి రంధ్రాలు పొడిచిన అట్టలు దండలాగా కుట్టి వేలాడదీస్తారు. అంచు మీద నెమలి రావాలా మామిడిపిందె రావాలా అన్నది ఆ రంధ్రాలే చెబుతాయి. డిజైను మారితే పాత అట్టలు మూలన పడతాయి. పెద్దనాయన వాటిని తీసి, పైన ఇంగ్లిష్ మాటను తెలుగు అక్షరాల్లో, కింద మనిషి పేరును రాయడం మొదలుపెట్టాడు. రంధ్రాలు తప్పించుకుంటూ రాసేవాడు కాబట్టి అక్షరాలు గుంతల రోడ్డు మీద ఆటో పోయినట్టు అటూ ఇటూ పోయేవి. అర్థం ఎక్కడా రాయలేదు. మనిషి పేరుంటే అర్థం ఎందుకన్నట్టు.

'టాసిటర్న్' అంటే మా నాయన, నోట్లోంచి మాట రాదు కాబట్టి. 'పార్సిమోనియస్' అంటే మూలమలుపు టీ కొట్టాయన, గ్లాసులో చాయ కంటే గ్లాసే ఎక్కువ పోస్తాడు కాబట్టి. 'యుబిక్విటస్' అంటే పక్కింటి ముసలాయన. ఏ పెళ్లి బంతిలో చూసినా, ఏ చావు దగ్గర చూసినా ముందే వచ్చి కూర్చుని ఉంటాడు. 'ఎఫెమరల్' ఒక్కటే మనిషి కాదు. మున్సిపాలిటీ నల్లా నీళ్లు, వచ్చాయనేలోపే పోతాయి కాబట్టి.

నెల తిరిగేసరికి వీధికి సంగతి తెలిసింది. బిందె పట్టుకున్నవాళ్లూ సైకిలు మీద పోయేవాళ్లూ కిటికీ దగ్గర ఆగేవాళ్లు.

"మామా, నాకో మాట ఇయ్యరాదూ."

"నీకు సరిపొయ్యేది ఇంక రాలే. వాడు చదివితె గద. జర ఆగు."

ఆ 'వాడు' నేను. గదిలోనే, ఆయన పక్కనే, పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఉండేవాణ్ని. కిటికీలోంచి ఒక్కరూ నా వైపు చూసేవాళ్లు కాదు. అంతకుముందు మందు చీటీ చదవాలన్నా, ఫోనులో ఏదో వచ్చిందన్నా ఈ వీధి నా దగ్గరికి వచ్చేది. ఇప్పుడు నేను నల్లా లాంటివాణ్ని, నీళ్లు పెద్దనాయనవి.

ఒక మాట నిజం చెప్పుకోవాలి. ఆయనకు ఇంగ్లిష్ రాదు, మాటలు మాత్రమే వచ్చు. నాకు ఇంగ్లిష్ వచ్చు, మాటలే రావు. ఆయనకు ఏ పరీక్షా లేదు, వయసు దాటిపోతుందన్న భయం లేదు. నాకు అవన్నీ ఉన్నాయి. అవసరం ఉన్నవాడి చేతిలోంచి జారిపోయినవన్నీ అవసరం లేనివాడి ఒళ్లో పోయి కూర్చుంటున్నాయి. ఇంతకంటే కళ్లు మండే సంగతి ఇంకొకటి ఉంటే చెప్పండి, దానికీ మండుతాను.

నలభై ఏడో రోజు ఒక కాలేజీ లెక్చరర్ చీర చూడటానికి వచ్చాడు. చీర చూడాల్సింది పోయి అట్టల దండ చూశాడు. "ఇదేందయ్యా?" అని అడిగి, నా ఒళ్లోంచి పుస్తకం తీసుకుని, కుర్చీ లాక్కుని పరీక్ష మొదలుపెట్టాడు. ఆయన మాట చెబుతాడు, పెద్దనాయన పోగు దువ్వుకుంటూ మనిషి పేరు చెబుతాడు. లెక్చరర్ మొహం వాడిపోతుంది.

"అర్థం చెప్పాలయ్యా, పేరు కాదు."

"పేరు చెప్పిన గద సారు."

అప్పుడు పెద్దమ్మ లోపలి నుంచి ఆ మనిషి ఎలాంటివాడో విడమరిచి చెబుతుంది. లెక్చరర్ పుస్తకం చూసుకుంటాడు. కరెక్టు. నలభై మాటలు అడిగితే ముప్పై ఎనిమిది వచ్చాయి. మిగిలిన రెండింటికీ "గా మాటకు ఇంక మనిషి దొరకలే" అన్నాడు, అదీ తప్పు కాదన్నట్టు.

లెక్చరర్ నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు బాబూ. 'ఇండిఫాటిగబుల్'?"

ఆ ముందు రోజే పదిసార్లు చదివాను. నోరు తెరిచాను. గాలి వచ్చింది. పెద్దనాయన మెల్లగా కళ్లతో లోపలికి, పెద్దమ్మ చరఖా వైపు చూపించాడు. నాకు సాయం చేద్దామనే. అలుపెరగని మనిషి అని అర్థం. నాకు చరఖా కనిపించింది, పెద్దమ్మ కనిపించింది, అర్థం మాత్రం కనిపించలేదు.

గుమ్మంలో మా నాయన నిలబడి ఉన్నాడు, మిల్లు నుంచి అన్నానికి వచ్చి. నెలకు ఒకసారి మాట్లాడే మనిషి ఆ నెల కోటా నా మీదే వాడాడు.

"పరీక్షకు మీ పెద్దనాయినను తోలుదాం."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. జోకులేసేవాడికి ఉండే కష్టమే అది, తన మీద పడ్డదానికి కూడా ముందు తనే నవ్వాలి.

మరుసటి రోజు నుంచి నేను మనసులో చదవడం మొదలుపెట్టాను.

నేను చేసింది అంతే. తిట్టలేదు, తప్పు చెప్పలేదు, అట్టలు చింపలేదు. పెదాలు మూసుకున్నాను. ఆయనకు ఇంగ్లిష్ అక్షరాలు రావు, చెవులే ఆధారం. ఆ చెవులకు పోసేవాణ్ని నేనొక్కణ్నే. నల్లా కట్టేశాను.

మగ్గం కొంతసేపు ఆడింది. తర్వాత నెమ్మదించింది. చెవి రిక్కించినప్పుడు ఆయన కాలు నెమ్మదిస్తుందని నాకు తెలుసు. చివరికి ఆగింది.

"ఏం రా, ఇయ్యాల మాటల్లేవా?"

"తల నొస్తుంది పెద్దనాయినా."

ఆయన గుంతలోంచి పైకి లేచాడు. "మగ్గం సప్పుడుకే నొస్తుండొచ్చు. నువ్వు సదువుకో బిడ్డా." బయటికి వెళ్లి, అరుగు మీదికి చరఖా తెప్పించుకుని, పెద్దమ్మ పక్కన కూర్చుని కండెలు చుట్టడం మొదలుపెట్టాడు. పది నుంచి పన్నెండు దాకా, నేను లేచేదాకా, మగ్గం ముట్టలేదు. ఆ మరుసటి రోజూ అంతే. ఆ పై రోజూ అంతే. మగ్గం తొక్కాల్సిన మనిషి, నా కోసం రోజుకు రెండు గంటలు అరుగు మీద కూర్చున్నాడు. నేను లోపల, నిశ్శబ్దంగా, ఒక్క మాటా ఎక్కించుకోకుండా కూర్చున్నాను.

తలనొప్పి అన్నాక దానికి వైద్యం ఉంటుందని నేను ముందు ఆలోచించలేదు. రెండో రోజు నుంచి పెద్దమ్మ శొంఠి అరగదీసి నా నుదుటి నిండా పట్టించేది. ఏ నొప్పీ లేని తలకు శొంఠి పట్టిస్తే ఏమవుతుందో ఈ జిల్లాలో నాకంటే ఎక్కువ తెలిసినవాళ్లు లేరు.

"ఎట్లుంది రా?" అనేది.

"మంట పెద్దమ్మా."

"పనిచేస్తుంది."

ఇంకా రెండు రోజులు, ఇంకా రెండు రోజులు అనుకుంటూ వానలు మొదలైన దగ్గర్నుంచి దసరా దాకా లాగాను. మధ్యలో ఒక పరీక్ష రాశాను, ఇంగ్లిష్‌లో పోయింది. మళ్లీ గట్టిగా చదవాలనిపించిన రోజులు లేకపోలేదు. కానీ తలనొప్పి ఒక్కసారిగా తగ్గిపోయిందంటే ఎందుకు తగ్గిందో చెప్పాలి. ఒకరోజు చెబుదామనే వెళ్లాను. అప్పుడే కిటికీలోంచి ఎవరో "మామా, నాకో మాట" అన్నారు. "వాని తలనొప్పి తగ్గని" అన్నాడాయన. మళ్లీ కడుపు మండింది. కూర్చుని మూగగా పేజీ తిప్పాను.

దసరా వెళ్లిన వారానికి, పొద్దున మగ్గం దగ్గరే ఛాతీ పట్టుకున్నాడు. దవాఖానకు తీసుకెళ్లాం. మధ్యాహ్నానికి తిరిగి తెచ్చాం. ఇంతకంటే చెప్పడానికి లేదు.

వీధంతా వచ్చింది. పక్కింటి ముసలాయన ఎప్పటిలాగే అందరికంటే ముందు వచ్చాడు. ఒక్కొక్కరూ వచ్చి తమ మాట చెప్పుకుని ఏడ్చారు. లైన్‌మన్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"నాకు పర్ఫంక్టరీ అని పేరు పెట్టిండు మామ. ఎంత పెద్ద మాట! అంటె ఏంది తమ్మీ?"

"పని తొందరగ చేసేటోడని అన్నా."

"గట్లనే అనుకున్న," అని ఇంకా గట్టిగా ఏడ్చాడు.

ఆ రోజు కూడా నేను కుళ్లుకున్నాను. పెద్దనాయన బయట చాప మీద పడుకుని ఉంటే, నేను గుమ్మంలో నిలబడి లెక్కపెట్టుకుంటున్నాను. వీళ్లందరికీ ఒక మాట ఉంది. కోడేరు మామకు ఉంది, టీ కొట్టాయనకు ఉంది, మున్సిపాలిటీ నల్లాకు కూడా ఉంది. నలభై ఏడు రోజులు గొంతు పోయేలా చదివిన నాకు లేదు. ఒక్కసారన్నా అడగలేదు నేను. అడిగితే దొరకలేదంటాడేమోనని భయం.

వనపర్తి పరీక్షలో ఆ నలభై ఏడు రోజుల మాటలు అడిగినప్పుడల్లా మా వీధివాళ్లు వచ్చారు. ఆ తర్వాతి మాటలు అడిగినప్పుడు ఎవరూ రాలేదు. తెర మీద నాలుగు జవాబులు, నేను, అంతే.

గద్వాలలో బస్సు దిగి ఇంటికి వెళ్లేసరికి పెద్దమ్మ మగ్గం గదిలో అట్టల దండ విప్పి ముందేసుకుని కూర్చుంది. మగ్గం మీదికి వేరే నేతగాడు వస్తున్నాడు, గది సర్దాలి.

"దా, కూసో. జర నా పేరున్నయి చదివి చెప్పు. మస్తున్నయి. బతికినన్ని దినాలు నన్ను ఏమనుకున్నడో తెలుసుకుంట."

పదకొండు అట్టలు. తెలుగు అక్షరాలే కాబట్టి ఆమె కూడబలుక్కుని చదవగలదు, అర్థమే తెలియదు. నేను ఒక్కొక్కటి చెప్పాను. 'ఇండిఫాటిగబుల్' అంటే ఏమిటో ఈసారి తడుముకోకుండా చెప్పాను. 'క్వెరులస్' అంటే సణుగుతూ ఉండే మనిషి. అక్కడ కొంచెం తగ్గించి చెబుదామనుకున్నాను.

"ఉన్నదున్నట్టు చెప్పు," అంది.

చెప్పాను. "ఆయన చేసే పనులకు సణగక పాట పాడాల్నా?" అంది. 'ఆబ్డ్యురేట్' అంటే ఎంత చెప్పినా కరగని మొండి మనిషి. "గది మా అమ్మను అనాలె." చివరిది 'రెస్‌ప్లెండెంట్'.

"ధగధగ మెరిసేది అని పెద్దమ్మా. కొత్త జరీ లెక్క."

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ముసలోనికి సిగ్గు లేదు," అని ఆ అట్ట తీసి విడిగా ఒళ్లో పెట్టుకుంది.

దండ చివరికి వచ్చాం. చివరి అట్ట మీద కింద నా పేరు ఉంది. పైన మాట ఉండాల్సిన చోట ఏమీ లేదు. పక్కన, రంధ్రాలు లేని అంచున, చిన్న అక్షరాలతో ఇలా ఉంది: 'తలనొప్పి తగ్గినంక అడగాలె.'

జోకు ఏదైనా దొరుకుతుందేమోనని చూశాను. గదిలో ఎక్కడా దొరకలేదు.

"నీకు మంచిది ఎతుకుతుండె," అంది పెద్దమ్మ. "ఎవరన్న అడిగితె, వాడు సదివితెనే గద వాని మాట వచ్చేది అనేటోడు."

నేను సంచీలోంచి పుస్తకం తీశాను. నలభై ఏడో రోజు పేజీ చివర పెన్సిలు గీత ఉంది. పేజీ తిప్పి, నలభై ఎనిమిదో రోజు మాటలు గట్టిగా చదవడం మొదలుపెట్టాను. గొంతు తుప్పు పట్టిన గేటులా వచ్చింది. పెద్దమ్మ చరఖా ముందుకు జరిగింది. మొదటి మూడు మాటలకూ చక్రం తిరుగుతూనే ఉంది. నాలుగో మాట 'డిస్‌ఇంజెన్యువస్'. చక్రం ఆగింది.

"గది ఎవరు?"

"లోపల ఒకటి పెట్టుకొని బయట ఒకటి చెప్పేటోడు."

"గదే, ఎవరు?"

"తల నొయ్యకపోయినా శొంఠి పెట్టించుకున్నోడు."

ఆమె తెగిన పోగును వెతికి, వేళ్లతో మెలిపెట్టి, నోటితో ఊది అతికింది. తర్వాత అంది.

"మాకు తెల్వదనుకున్నవా? తల నొచ్చేటోనికి శొంఠి పెడితె హాయి అంటడు. నువ్వు దినాం మంట మంట అంటివి. రెండో దినమే ఆయనకు చెప్పిన, వీనికి ఏ నొప్పి లేదు, నువ్వు పోయి మగ్గం తొక్కు అని."

"మరి?"

"నొప్పి తలల లేకపోతె ఇంకేడనో ఉన్నట్టు, ఏడున్నా నొప్పే గద అన్నడు. తగ్గినంక వాడే సదువుతడు అన్నడు."

నేను సంచీలోంచి మార్కరు తీసి మూత విప్పాను. అట్ట మీద నా పేరు పైన ఉన్న ఖాళీలో ఆ మాట పడుతుంది. కొంచెం ఇరుకుగా, రంధ్రాలు తప్పించుకుంటూ రాస్తే పడుతుంది. పెద్దమ్మ నా చేతిలోంచి అట్ట లాక్కుంది.

"తగ్గిందా?"

"ఏంది?"

"తలనొప్పి."

"తగ్గింది పెద్దమ్మా."

"అయితె గిది గిట్లనే ఉండని. ఇంకా ఎన్నున్నయ్ నీ పుస్తకంల?"

"ఈ రోజువి ఆరు. మొత్తం అయిదు వందలకు పైనే."

"సదువు," అంది. "జర గట్టిగ. ఆగి ఆగి సదువు, మనుషుల్ని ఎతకాలె."

కిటికీ బయట ఎవరో బిందెతో ఆగారు. నేను ఐదో మాట చదివాను.